నగరాన్ని గీసి చూడడం: అర్బన్ స్కెచింగ్‌పై ఒక విమర్శ

విషయక్రమం

1. లక్ష్యాలు
2. ఉపోద్ఘాతం
3. అర్బన్ స్కెచింగ్ అంటే ఏమిటి?
4. గీస్తే కనిపించేది: చార్మినార్
5. గీసింది సాక్ష్యమవుతుందా? అమరావతి, వార్సా
6. గీయకుండా వదిలేసింది: మొజంజాహీ మార్కెట్
7. కొన్ని అభ్యంతరాలు, వాటికి సమాధానాలు
8. స్కెచ్‌ను విమర్శించే పద్ధతి
9. సారాంశం
10. ముఖ్య పదాలు
11. క్షేత్రకార్యం, మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• అర్బన్ స్కెచింగ్ ఇతర చిత్రలేఖన పద్ధతుల నుంచి ఎక్కడ వేరవుతుందో చెప్పగలుగుతారు.
• ఒక కట్టడాన్ని గీయడం ద్వారా దాని నిర్మాణం, చరిత్ర ఎలా తెలుస్తాయో వివరించగలుగుతారు.
• అందమైన స్కెచ్‌కూ నమ్మదగిన స్కెచ్‌కూ తేడాను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• మీ ఊరి కట్టడాన్ని గీసిన ఏ స్కెచ్‌నైనా నాలుగు ప్రశ్నలతో విమర్శించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

ఇంతకు ముందు భాగాల్లో మనం చిత్రాన్ని గోడకు వేలాడే పూర్తయిన వస్తువుగా తీసుకుని దాని రేఖ, రంగు, కూర్పు గురించి మాట్లాడుకున్నాం. ఈ భాగంలో చర్చించే చిత్రం సాధారణంగా గోడ ఎక్కదు. అది వీధిలో పుడుతుంది, నోటుబుక్కులో ఉంటుంది, చాలాసార్లు గంట రెండు గంటల్లో పూర్తవుతుంది. ఆదివారం పొద్దున్నే హైదరాబాదు పాతబస్తీకి వెళ్లినవారికి, మడత స్టూలు వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఎదురుగా ఉన్న కమానును గీస్తున్నవారు ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటారు. వారు చేసే పనినే అర్బన్ స్కెచింగ్ అంటున్నాం.

ఈ బొమ్మలను చూసినవారు సాధారణంగా రెండు మాటలు అంటారు. ఒకటి, ‘ఎంత అందంగా ఉందో’. రెండు, ‘మన వారసత్వాన్ని కాపాడుతున్నారు’. మొదటి మాట అభిరుచికి సంబంధించింది. రెండోది ఒక వాదం. వాదం కనుక దాన్ని పరీక్షించాలి. విమర్శకుడి పని అక్కడే మొదలవుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. స్కెచ్ గీసినవారికి నగరం తెలుస్తుంది. ఇందులో నాకు సందేహం లేదు. ఆ స్కెచ్ చూసినవారికి కూడా నగరం తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఆ స్కెచ్‌లో ఏముందన్న దానికన్నా, అది ఏం వదిలేసిందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందాన్ని కొలిచినంత శ్రద్ధగా ఈ వదిలివేతను కూడా కొలవాలన్నదే ఈ భాగం చెప్పదలచుకున్న విషయం.

3. అర్బన్ స్కెచింగ్ అంటే ఏమిటి?

నగరాలను గీయడం కొత్త పని కాదు. కొత్తది ఆ పేరు, దాని చుట్టూ ఏర్పడిన బృందం. అమెరికాలోని సియాటిల్ నగరంలో పత్రికా చిత్రకారుడిగా పనిచేసిన గాబ్రియేల్ కాంపనారియో 2007లో, ఎక్కడికక్కడ కూర్చుని తమ ఊళ్లను గీసేవారిని ఇంటర్నెట్ ద్వారా ఒకచోటికి చేర్చాడు. అదే తరువాత ‘అర్బన్ స్కెచర్స్’ అనే లాభాపేక్ష లేని సంస్థగా మారింది. ఇప్పుడు భారతదేశంతో సహా ఎన్నో దేశాల నగరాల్లో ఈ బృందాలున్నాయి.

ఈ బృందానికి ఎనిమిది సూత్రాల ప్రకటన ఒకటి ఉంది. మన చర్చకు అందులో మూడు ముఖ్యం. మొదటిది, బొమ్మను ఆ స్థలంలోనే, కళ్లతో చూస్తూ గీయాలి. ఫోటో చూసి ఇంట్లో గీసింది దీని కిందికి రాదు. రెండోది, ఆ బొమ్మ ఒక కాలానికి, ఒక స్థలానికి దాఖలాగా ఉండాలి. మూడోది, చూసిన దృశ్యం పట్ల నిజాయితీగా ఉండాలి.

ఈ మూడింటిలో మొదటిదాన్ని పాటించడం తేలిక. అక్కడికి వెళ్లి కూర్చుంటే చాలు. రెండోదానికి బొమ్మ కింద తేదీ వేస్తే సగం పని అయినట్టే. చిక్కంతా మూడోదానితోనే. నిజాయితీ అంటే కనిపించినదంతా గీయడమా? అది ఎవరి వల్లా కాదు. గీయడమంటేనే ఎంచుకోవడం. మరి ఆ ఎంపికలో నిజాయితీని ఎలా గుర్తుపట్టాలి? తరువాతి విభాగాలన్నీ ఈ ప్రశ్న చుట్టే తిరుగుతాయి.

4. గీస్తే కనిపించేది: చార్మినార్

ముందు ఈ పద్ధతికి ఉన్న బలాన్ని చూద్దాం. పుస్తకం మూసి, చార్మినార్‌ను గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద గీయండి. దాదాపు అందరూ గీసేది నాలుగు పొడవైన మినార్లు, వాటి మధ్య ఒక చిన్న కమాను. పేరులోనే మినార్లు ఉన్నాయి కనుక మనసులో అవే పెద్దవవుతాయి.

ఇప్పుడు దాని ఎదురుగా కూర్చుని గీయండి. చేతిలోని పెన్సిలును చాచి పట్టుకుని కొలత తీస్తే మొదటి పది నిమిషాల్లోనే మీ జ్ఞాపకం తప్పని తేలుతుంది. కట్టడం ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు. ఆ భుజంలో కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు. అంటే కింది భాగంలో గోడకన్నా ఖాళీయే ఎక్కువ. గీస్తున్నకొద్దీ ఆ ఖాళీలోంచి అవతలి కమాను, దాని వెనక వీధి, ఆ వీధిలో నడిచే మనుషులు కాగితం మీదికి వస్తారు. అప్పుడు ఒక విషయం అర్థమవుతుంది. ఇది నాలుగు దారులు కలిసే చోట నిలబెట్టిన కట్టడం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి నడిబొడ్డుగా దీన్ని కట్టించాడని మనం పాఠ్యపుస్తకంలో చదువుకుంటాం. ఆ నడిబొడ్డు అన్న మాటకు అర్థం ఆ ఖాళీని గీసినప్పుడు చేతికి తెలుస్తుంది.

ఇంకొంచెం పైకి వెళ్లండి. కమాను మీద గడియారం కనిపిస్తుంది. నాలుగు వైపులా నాలుగు గడియారాలు. గీసేవారు ఇక్కడ ఆగుతారు. కుతుబ్‌షాహీల కాలపు గచ్చుపనిలో ఈ గుండ్రని డయలు ఎలా వచ్చింది? అవి 1889లో, ఆసఫ్‌జాహీల కాలంలో పెట్టినవి. అంటే మీరు గీస్తున్న ఒక్క ముఖంలోనే మూడు శతాబ్దాల దూరంలో ఉన్న రెండు కాలాలున్నాయి. కట్టడాన్ని ఒకే సంవత్సరానికి కట్టేసి చదువుకునే అలవాటును ఈ చిన్న వివరం విడగొడుతుంది. వారసత్వమంటే ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలు అని సిద్ధాంతంగా చెప్పవచ్చు. గడియారం ముల్లును గీసినవారికి మాత్రం ఆ సిద్ధాంతం మరచిపోవడం కష్టం.

ఈ ఫలితం ఎందుకు వస్తుంది? చూపు నెమ్మదించడం వల్ల. నడిచి వెళ్లేవారు ఒక కట్టడాన్ని కొన్ని క్షణాలు చూస్తారు. గీసేవారు ఒక కిటికీ కోసమే ఇరవైసార్లు తల ఎత్తుతారు. ప్రతిసారీ ‘నేను గీసింది సరేనా?’ అని అడుగుతారు. అంటే గీయడం ఒక ప్రశ్నోత్తర పద్ధతి. పరిశోధనా విద్యార్థులకు మనం నేర్పేది కూడా ఇదే కదా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

అ) ఫోటో చూసి ఇంట్లో గీసిన నగర దృశ్యం అర్బన్ స్కెచింగ్ కిందికి ఎందుకు రాదు?
ఆ) చార్మినార్‌ను ఎదురుగా కూర్చుని గీసినప్పుడు జ్ఞాపకంలోని ఏ పొరపాటు బయటపడుతుంది?

5. గీసింది సాక్ష్యమవుతుందా? అమరావతి, వార్సా

ఇంతవరకూ గీసినవారికి కలిగే లాభం చూశాం. ఇక చూసేవారి సంగతి. కట్టడం పోయాక దాని బొమ్మ ఎంతవరకు నమ్మదగింది? దీనికి రెండు చారిత్రక ఉదాహరణలు తీసుకుందాం. ఇవి రెండూ నేటి అర్థంలో అర్బన్ స్కెచింగ్ కావు. అయినా చోటికి వెళ్లి, చూసి గీసిన బొమ్మలు తరువాతి కాలానికి ఎలా పనికివచ్చాయో చెబుతాయి.

మొదటిది మన నేల మీదిదే. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త కట్టడాల కోసం తవ్వుతుండగా పాత స్తూపం ఫలకాలు బయటపడ్డాయి. ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో చిత్రకారుల బృందంతో వచ్చేసరికి స్తూపం చాలావరకు దెబ్బతిన్నది. కొన్ని ఫలకాలు కొత్త కట్టడాల్లో కలిసిపోయాయి. మిగిలినవాటిని ఆయన బృందంలోని భారతీయులు, ఐరోపా వారు కలిసి ఒక్కొక్కటిగా గీశారు. అలా గీసిన 85 కాగితాల ఆల్బం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ కాగితాలను విమర్శకుడి కంటితో చూడండి. విరిగిన ఫలకాన్ని విరిగినట్టే గీశారు. లేని చెయ్యిని ఊహించి అతికించలేదు. పలు కాగితాల మీద గీసినవారి పేరు, తేదీ, ఆ ఫలకం దొరికిన చోటు రాసి ఉన్నాయి. అప్పుడు గీసిన శిల్పాల్లో కొన్ని తరువాత కనిపించకుండా పోయాయి. ఈనాడు వాటికి మిగిలిన ఏకైక రూపం ఈ గీతలే. అమరావతి శిల్పాలు మద్రాసుకూ లండన్‌కూ చెదిరిపోయిన తరువాత, స్తూపం ఎలా ఉండేదో ఊహించడానికి పండితులు మళ్లీ మళ్లీ ఈ ఆల్బం దగ్గరికే వస్తారు. ఇది వలస పాలకుల అవసరాల కోసం జరిగిన పని అన్న మాట నిజమే. ఆ విమర్శ వేరేగా చేయాలి. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే: విరిగినదాన్ని విరిగినట్టు గీయడం వల్లనే ఈ కాగితాలు రెండు వందల ఏళ్ల తరువాత కూడా పనికివస్తున్నాయి.

రెండో ఉదాహరణ పోలండ్ రాజధాని వార్సా. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఆ నగరాన్ని పథకం ప్రకారం నేలమట్టం చేశారు. యుద్ధం తరువాత పాత నగరాన్ని మళ్లీ కట్టేటప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిలో బెర్నార్డో బెల్లొట్టో చిత్రాలు కూడా ఉన్నాయి. ఆయన పద్దెనిమిదో శతాబ్దిలో పోలండ్ రాజు ఆస్థాన చిత్రకారుడు. చూస్తే ఇటుక ఇటుకా లెక్కపెట్టవచ్చనిపించేంత వివరంగా వీధులను చిత్రించాడు. ఇబ్బంది ఏమిటంటే, కొన్ని కట్టడాలను ఆయన ఉన్నదానికన్నా సొగసుగా మార్చాడని కళాచరిత్రకారులు చెబుతారు. చిత్రం అంత నమ్మకంగా ఉన్నప్పుడు ఏది చూసింది, ఏది కల్పించింది అని విడదీయడం తరువాతివారికి చాలా కష్టం.

అదే వార్సాలో ఇంకో రకం బొమ్మలూ ఉన్నాయి. అక్కడి పాలిటెక్నిక్‌లో వాస్తుశిల్పం చదివే విద్యార్థులు, ఉపాధ్యాయులు యుద్ధానికి ముందే పాత ఇళ్లను కొలిచి గీశారు. యుద్ధకాలంలో ఆ కాగితాలను ప్రాణాలకు తెగించి నగరం దాటించి ఒక క్రైస్తవ మఠంలో దాచారు. పునర్నిర్మాణానికి అవి గట్టి ఆధారమయ్యాయి. 1980లో యునెస్కో వార్సా పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బెల్లొట్టో చిత్రాలు మ్యూజియంలో గొప్ప కళాఖండాలు. ఆ విద్యార్థుల కాగితాల పేర్లు మనకు తెలియవు. అయినా ఒక కిటికీ ఎంత ఎత్తులో ఉండేదో తెలుసుకోవలసిన మేస్త్రీకి ఎవరి కాగితం ఎక్కువ అక్కరకు వస్తుందో ఆలోచించండి.

6. గీయకుండా వదిలేసింది: మొజంజాహీ మార్కెట్

ఇక్కడ నా సొంత బొమ్మనే విమర్శకు పెడతాను. ఇతరుల తప్పులు పట్టుకోవడం తేలిక కనుక విద్యార్థికి అది మంచి పాఠం కాదు.

ఉద్యోగ విరమణ తరువాత నేనూ ఒక స్కెచ్ పుస్తకం కొనుక్కున్నాను. హైదరాబాదు మొజంజాహీ మార్కెట్‌ను గీయడానికి నాలుగు ఆదివారాలు వెళ్లాను. 1935లో కట్టిన ఈ మార్కెట్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కుమారుడు మొజంజా పేరు పెట్టారు. గ్రానైట్ రాతి కట్టడం. దారులు కలిసే మూల మీద గుమ్మటంతో గడియార స్తంభం, దానికి రెండు వైపులా రెక్కల్లా సాగిన దుకాణాల వరుస. నేను గీసినది మరమ్మతులు మొదలుకాక ముందు. అప్పుడు ఆ రాతి మీద దశాబ్దాల మసి ఉండేది. కమానుల ముందు రేకులు, బోర్డులు, వాటి మీదుగా గుత్తులు గుత్తులుగా కరెంటు తీగలు. ఎదురుగా ఒక చాయ్ బండి.

నేను గుమ్మటాన్ని శ్రద్ధగా గీశాను. కమానులను లెక్కపెట్టి గీశాను. రేకులు తీసేశాను, బోర్డులు తీసేశాను, తీగలు మొత్తం తీసేశాను. కూర్పు బాగుండాలని అలా చేశాను. నాలుగో ఆదివారం చాయ్ బండి అతను వెనక నుంచి వంగి చూశాడు. కాసేపు చూసి, “అంతా మంచిగనే గీసిన్రు సార్, నా బండి ఏది మరి?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చోటు సరిపోలేదని ఏదో చెప్పాను. నాలుగు ఆదివారాలూ అతని బండి పక్కనే కూర్చుని, అతని చాయ్ తాగుతూ గీశాను.

ఆ బొమ్మను చూసి మెచ్చుకోనివారు లేరు. తరువాత మార్కెట్‌కు మరమ్మతులు జరిగాయి. రాయిని శుభ్రం చేశారు, రేకులు తీశారు, తీగలు సర్దారు. 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. నేను వెళ్లి చూసి సంతోషించాను. ఇంటికి వచ్చి నా పాత పుస్తకం తెరిచాక ఆ సంతోషం కొంత తగ్గింది. మరమ్మతులకు ముందు నేను గీసిన బొమ్మ, అచ్చం మరమ్మతుల తరువాతి కట్టడంలా ఉంది. కింద తేదీ కూడా వేయలేదు. ఆ పుస్తకం రేపు ఎవరి చేతిలోనైనా పడితే, దాన్ని 2020 తరువాతిది అనుకుంటారు. వారిని తప్పుపట్టలేం.

కనుక విమర్శకుడిగా నా బొమ్మ మీద నా తీర్పు ఇది. గీత బాగుంది, నిష్పత్తులు సరిగ్గా ఉన్నాయి. కానీ కాలానికి దాఖలా అన్న పరీక్షలో అది ఓడిపోయింది. గుమ్మటం నేను గీయకపోయినా వేల ఫోటోల్లో ఉంటుంది. ఆ మసిని, ఆ తీగలను, ఆ బండిని గీయగలిగే చోట కూర్చున్నది ఆ పూట నేనే. ఆ బండి ఇప్పుడక్కడ లేదు. అది అక్కడ ఉండేదని చెప్పడానికి నా దగ్గర నాలుగు ఆదివారాల పని ఉంది, అందులో ఆ బండి లేదు.

నాలాంటి ఈ అలవాటుకు చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్ది ఇంగ్లండులో ‘పిక్చరెస్క్’ అనే అభిరుచి బలపడింది. దీన్ని తెలుగులో ‘బొమ్మలాంటి అందం’ అనవచ్చు. దృశ్యాన్ని ఉన్నట్టు కాక, మంచి బొమ్మకు ఉండవలసినట్టు సర్దుకుని చూడడం దాని పద్ధతి. థామస్, విలియం డేనియల్‌లు భారతదేశమంతా తిరిగి 1795 నుంచి 1808 వరకు ప్రచురించిన ‘ఓరియంటల్ సీనరీ’ చిత్రాలలో ఈ అభిరుచి స్పష్టంగా కనిపిస్తుంది. శిథిలం, దాని పక్కన చెట్టు, దూరంగా ఇద్దరు ముగ్గురు మనుషులు. ఈ చూపు కాలెండర్ల ద్వారా, పర్యాటక పోస్టర్ల ద్వారా మన కంటికి అలవాటైపోయింది. మనం చార్మినార్ ముందు కూర్చున్నప్పుడు కూడా గాజుల బండిని పక్కకు నెట్టి చూస్తున్నామంటే, ఆ చూపు పూర్తిగా మన సొంతం కాదన్నమాట.

7. కొన్ని అభ్యంతరాలు, వాటికి సమాధానాలు

మొదటి అభ్యంతరం: దాఖలా కావాలంటే ఫోటో ఉంది కదా, బొమ్మ ఎందుకు? ఫోటో విలువను కాదనలేం. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలు లేకపోతే ఆరో నిజాం కాలపు హైదరాబాదు మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. అయితే ఫోటో కెమెరాకు కనిపించినదాన్ని నమోదు చేస్తుంది. తీసినవారు దేన్ని గమనించారో అది చెప్పదు. 2014లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. మ్యూజియంలో ఊరికే చూసిన వస్తువులకన్నా, ఫోటో తీసుకున్న వస్తువులను సందర్శకులు తక్కువగా గుర్తుంచుకున్నారు. వస్తువులోని ఒక భాగాన్ని దగ్గరగా చూపించేలా ఫోటో తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. అంటే తేడా పరికరంలో లేదు, శ్రద్ధలో ఉంది. స్కెచింగ్ ఆ శ్రద్ధను తప్పనిసరి చేస్తుంది. ఫోటో, స్కెచ్ ఒకదానికొకటి పోటీ కావు.

రెండో అభ్యంతరం: వదిలేయడం చిత్రకారుడి స్వేచ్ఛ, దాన్ని తప్పనడం ఎలా? ఇది బలమైన వాదం. తీగలు గీయనివారందరూ అబద్ధం చెబుతున్నారని నేను అనను. తన బొమ్మను ఊహాచిత్రమని చెప్పినవారిని ఈ ప్రశ్న అడగనవసరం లేదు. ‘ఇది ఈ చోటికి, ఈ కాలానికి దాఖలా’ అని ప్రకటించినవారిని మాత్రం అడగవచ్చు. స్వేచ్ఛతో పాటు చెప్పవలసిన బాధ్యత వస్తుంది. బొమ్మ అంచున ‘తీగలు, రేకులు వదిలేశాను’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. నా బొమ్మ మీద ఆ వాక్యం ఉండి ఉంటే, ఇప్పుడు నేనిచ్చిన తీర్పు మారేది.

మూడో అభ్యంతరం: బొమ్మలు గీస్తే కట్టడాలు నిలుస్తాయా? నిలవవు. 2019లో హైదరాబాదులోని ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు నిలబడినది పట్టణాభివృద్ధి చట్టం, వారసత్వ నిబంధనల మీద. కాబట్టి స్కెచింగ్ చేస్తే వారసత్వాన్ని కాపాడినట్టే అన్న పొగడ్తను తగ్గించి వాడాలి. స్కెచింగ్ చేయగలిగింది దానికి ముందు మెట్టు. ఒక కట్టడాన్ని గంటసేపు చూసినవారికి అది పోతే ఏం పోతుందో తెలుస్తుంది. తెలిసినవారు అడుగుతారు, తెలియనివారు అడగరు.

నాలుగోది, నేను పూర్తిగా సమాధానం చెప్పలేనిది: ఇది తీరిక ఉన్నవారి సరదా. వీధిలో బతికేవారిని వీధి గీయడానికి వచ్చినవారు గంటల తరబడి చూసి వెళ్లిపోతారు. చాయ్ బండి అతని ప్రశ్నలో ఈ అభ్యంతరం కూడా ఉంది. గీసేవారు తాము గీసినదాన్ని అక్కడివారికి చూపించడం, వారి మాట వినడం, వారి పేరు, పని అనుమతితో రాసుకోవడం కొంత మేలు. అది మర్యాద మాత్రమే కాదు, దాఖలాలో భాగం కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

అ) అమరావతి ఆల్బం నేటికీ పండితులకు పనికిరావడానికి కారణమేమిటి?
ఆ) రచయిత తన మొజంజాహీ మార్కెట్ బొమ్మ ఏ పరీక్షలో ఓడిపోయిందంటున్నారు? మీరు అంగీకరిస్తారా?

8. స్కెచ్‌ను విమర్శించే పద్ధతి

పై చర్చ నుంచి నాలుగు ప్రశ్నలు తీసుకోవచ్చు.

ఎక్కడి నుంచి? గీసినవారు ఏ మూల కూర్చున్నారు, ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారు? పోస్టర్లలో చూసిన కోణమేనా, వేరే కోణమా?

ఎప్పుడు? తేదీ, వేళ ఉన్నాయా? లేకపోతే నీడల్లో, మనుషుల పనుల్లో ఆ వేళ తెలుస్తోందా?

ఏం వదిలారు? తీగ, బోర్డు, పగులు, మొలిచిన రావిమొక్క, మనిషి: వీటిలో ఏవి లేవు? లేవన్న సంగతి బొమ్మ చెబుతోందా?

ఏం కలిపారు? లేని చెట్టు, లేని ఆకాశపు రంగు, పూడ్చిన పగులు ఉన్నాయా?

ఒక ఉదాహరణ మీద వీటిని ప్రయోగిద్దాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచింది. ఆ తరువాత జరిగిన నగరాభివృద్ధిలో నదికి దక్షిణాన హైకోర్టు, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. రెండింటి రూపకల్పనలోనూ విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి పాత్ర ఉంది. 2020 జూలైలో వాననీరు చేరాక ఆసుపత్రి పాత భవనంలో వైద్యం ఆగిపోయింది. నయాపూల్ మీద నిలబడి ఇద్దరు విద్యార్థులు ఆ పాత భవనాన్ని గీశారనుకుందాం. మొదటి బొమ్మలో గుమ్మటాలు చక్కగా కుదిరాయి, నది నీలంగా ఉంది, భవనం నిన్ననే కట్టినట్టుంది. రెండో బొమ్మలో గీత కొంచెం వణికింది. అయినా పిట్టగోడలో మొలిచిన మొక్కలున్నాయి, మూసిన కిటికీలు మూసినట్టే ఉన్నాయి, అంచున తేదీ ఉంది.

నాలుగు ప్రశ్నలతో చూస్తే రెండోదే ఎక్కువ చెబుతుంది. అంతమాత్రాన నిజాయితీ ఉంటే చాలు, గీత ఎలా ఉన్నా ఫరవాలేదని తీర్మానించకండి. రాయికీ గచ్చుకూ తేడా చూపలేని గీత, పగులుకూ నీడకూ తేడా తెలియని గీత సాక్ష్యంగా కూడా బలహీనమే. అక్కడ రెండో విద్యార్థి మొదటివారి దగ్గర నేర్చుకోవలసింది ఉంది. నైపుణ్యం, నిజాయితీ రెండూ కలిసిన చోటే మంచి స్కెచ్ పుడుతుంది. రెండింటిలో ఒకటే ఉంటే, ఏది ఉంది, ఏది లేదు అని విడదీసి చెప్పడం విమర్శకుడి బాధ్యత.

9. సారాంశం

అర్బన్ స్కెచింగ్ అంటే నగరాన్ని అక్కడే కూర్చుని చూస్తూ గీయడం. దాని మొదటి లాభం గీసేవారిదే. చూపు నెమ్మదించి కట్టడం నిర్మాణం, దాని మీద పేరుకున్న కాలాల పొరలు తెలుస్తాయి. చార్మినార్ కమాను, గడియారం దీనికి ఉదాహరణలు. స్కెచ్ ఇతరులకు సాక్ష్యం కావాలంటే అది చాలదు. అమరావతి ఆల్బంలోలా విరిగినదాన్ని విరిగినట్టు గీయాలి, తేదీ వేయాలి, వదిలినదాన్ని వదిలానని చెప్పాలి. ‘బొమ్మలాంటి అందం’ కోసం మనుషులను, మరకలను తుడిచేసిన స్కెచ్ అందంగా ఉండవచ్చు, కానీ అది ఆ రోజు అక్కడున్న నగరం కాదు. స్కెచ్ ఒక్కటే కట్టడాన్ని కాపాడలేదు. కాపాడమని అడిగే కళ్లను అది తయారుచేస్తుంది.

10. ముఖ్య పదాలు

దాఖలా: ఒక విషయం జరిగిందనడానికి, ఉండేదనడానికి మిగిలిన ఆధారం.
పిక్చరెస్క్: దృశ్యాన్ని మంచి బొమ్మకు తగినట్టు సర్దుకుని చూసే అభిరుచి, బొమ్మలాంటి అందం.
కొలత చిత్రం: కట్టడాన్ని కొలిచి, నిష్పత్తి తప్పకుండా గీసిన చిత్రం.
వదిలివేత: కళ్ల ముందున్నా బొమ్మలోకి రానివ్వనిది.

11. క్షేత్రకార్యం, మాదిరి పరీక్ష ప్రశ్నలు

క్షేత్రకార్యం: దీనికి హైదరాబాదు రానవసరం లేదు. కర్నూలు కొండారెడ్డి బురుజు కావచ్చు, వరంగల్ కోట తోరణం కావచ్చు, రాజమండ్రి హేవలాక్ వంతెన కావచ్చు, మీ ఊరి పాత బావి కావచ్చు. ఒక చోట 45 నిమిషాలు కూర్చుని గీయండి. బొమ్మ రాకపోయినా ఫరవాలేదు. కింద తేదీ, వేళ, మీరు కూర్చున్న చోటు రాయండి. తరువాత మీరు వదిలేసినవాటి జాబితా రాయండి. చివరగా అక్కడున్న ఒకరికి ఆ బొమ్మ చూపించి, ఏం లేదో చెప్పమని అడగండి. వారి జవాబును మీ జాబితాతో పోల్చి ఒక పుట రాయండి.

I. ఈ క్రింది వాటికి 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. ‘స్కెచ్ విలువ అది వదిలేసినదాని మీద కూడా ఆధారపడుతుంది’. ఈ వాదాన్ని ఉదాహరణలతో చర్చించండి.
2. బెల్లొట్టో చిత్రాలను, వార్సా విద్యార్థుల కొలత చిత్రాలను సాక్ష్యంగా పోల్చండి.

II. ఈ క్రింది వాటికి 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. వారసత్వ నమోదులో ఫోటోకూ స్కెచ్‌కూ ఉన్న తేడా ఏమిటి?
2. అర్బన్ స్కెచింగ్ తీరిక ఉన్నవారి సరదా అన్న అభ్యంతరానికి మీ సమాధానమేమిటి?
3. స్కెచ్‌ను విమర్శించేటప్పుడు అడగవలసిన నాలుగు ప్రశ్నలను వివరించండి.